ముందు నంబరు, తర్వాత సూది

రేవు పక్క ఇల్లు
జనవరి 9

చి. బుల్లెమ్మకి,

మీ పిన్ని దీవించి రాయునది ఏమనగా, చేరాను. నడుం నొప్పి తప్ప వేరే లోటు లేదు. కొత్త బాబాయి కులాసా. ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోనులో మనిద్దరి భాగవతం నాకు తెలియదా? "తిన్నావా?" "తిన్నాను. నువ్వు?" "నేనూ తిన్నాను." ఆ తర్వాత చెరో వైపు కూర్చుని ఒకరి ఊపిరి ఒకరం వింటాం. ఉత్తరమైతే నువ్వు మధ్యలో అడ్డురావు.

అరవై ఒకటో ఏట పెళ్ళేమిటని ముక్కున వేలేసుకున్న మన చుట్టాలు ఇంకా ఆ వేళ్ళు తీశారో లేదో రాయి. నాటకాల కంపెనీలో నలభై ఏళ్ళు దుస్తులు కుట్టాను, ఎంతమంది రాణుల పెళ్ళిళ్ళకి కుచ్చిళ్ళు సర్దానో లెక్కలేదు. నా పెళ్ళికి మాత్రం పక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టింది నువ్వొక్కదానివే. అది మర్చిపోను.

ఇల్లు రెండు గదులు. కిటికీ తెరిస్తే రేవు. పొద్దున్నే మంచు కమ్ముకుని ఏమీ కనబడదు. బాబాయి ఈ దరి నుంచి ఆ దరికి జనాన్ని దాటించే పడవ నడుపుతాడు కదా, ఆ మంచులో హారన్ కొట్టుకుంటూ వెళ్తాడు. నేను టీ పట్టుకుని ఆ చప్పుడు ఎంత దూరం వెళ్ళిందో వింటూ కూర్చుంటాను. మేలుకునే ఉన్నానో, ఇంకా పడుకునే ఉన్నానో కాసేపు తెలియదు.

ఇక అసలు సంగతి, దొరసాని. పద్నాలుగేళ్ళు నా పాదాల మీద పడుకున్న పిల్లి లేకపోతే నాకు ఇక్కడ కాళ్ళు చల్లబడిపోతున్నాయి. దాన్ని పంపించు. దానికి సముద్రం చూపించాలి. నీళ్ళంటే గిన్నెలో ఉండేవే అనుకుంటోంది పాపం.

బయటి దేశం నుంచి ఇక్కడికి జంతువుల్ని తెచ్చుకోవడానికి ఏం కావాలో ఇక్కడి ఆఫీసులో అడిగొచ్చాను. రాసుకో. మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు పెట్టించాలి. అందులో పదిహేను అంకెల నంబరు ఉంటుంది. ఆ తర్వాతే రేబిస్ టీకా. నెల ఆగి రక్తం తీసి, టీకా ఒంటికి పట్టిందో లేదో పరీక్ష చేయించాలి. రక్తం తీసిన రోజు నుంచి ఆరు నెలలు ఆగాలి. చివర్లో ప్రభుత్వ పశువుల డాక్టరు సర్టిఫికెట్. ఇక్కడికి వచ్చాక పది రోజులు వాళ్ళ దగ్గరే ఉంచుకుని చూస్తారు.

ముందు నంబరు, తర్వాత సూది అన్న ముక్క కింద ఆ ఆఫీసావిడ రెండు గీతలు గీసింది. ఎందుకమ్మా అంత పట్టుదల అన్నాను. "నంబరు లేని పిల్లికి సూది వేస్తే, అది ఏ పిల్లికి వేశారో మాకెలా తెలుస్తుందండీ?" అంది. నిజమే కదా!

కళ్ళద్దాల షాపులో రోజంతా కళ్ళు పరీక్షించి నంబర్లు రాసేదానివి, నీకు ఇవన్నీ చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. తొందరగా మొదలుపెట్టు.

నీ పిన్ని


మేడ మీది గది
ఫిబ్రవరి 2

పిన్నికి,

నమస్కారాలు. చుట్టాల వేళ్ళు ఇంకా ముక్కుల మీదే ఉన్నాయి. కళ్ళద్దాల కోసమని షాపుకి వచ్చి, నీ సంగతులు కూపీ లాగి, అద్దాలు కొనకుండా వెళ్తున్నారు.

దొరసాని పగలంతా నీ కుట్టుమిషను మీద పడుకుంటోంది. నువ్వు వెళ్ళిన రోజు మూత వేయడం మర్చిపోయాను, ఇప్పుడు వేద్దామంటే అది లేవదు. నిద్రలో దాని పాదాలు కదులుతుంటాయి, ఎక్కడికో వెళ్తున్నట్టు. ఒక్కోసారి నేనూ పక్కన తల వాల్చి నిద్రపోతాను. లేచేసరికి ఇద్దరి ముఖాల మీదా ఎండ పడుతుంటుంది. నువ్వు వంటగదిలో ఉన్నావనే అనిపిస్తుంది. నా తొమ్మిదో ఏట అమ్మ పోయి, నువ్వు నన్ను ఈ గదికి తెచ్చుకున్నప్పటి నుంచి ఎండ ఆ వేళకి అక్కడే పడుతోంది.

టీకా వేయించాను. చిప్పు కూడా పెట్టించాను. డాక్టరు మంచివాడే, చేతులే కాస్త వణుకుతాయి. కాగితాల నకళ్ళు పంపుతున్నాను.

నువ్వు కాళ్ళకి మేజోళ్ళు వేసుకో.

బుల్లెమ్మ


రేవు పక్క ఇల్లు
మార్చి 20

చి. బుల్లెమ్మకి,

కాగితాలు అందాయి. చూడను కూడా చూడలేదు, నీ చేతి పని కదా, అలాగే తీసుకెళ్ళి అరలో పెట్టాను.

బాబాయి కిటికీ గట్టుకి చెక్క బిగించి వెడల్పు చేస్తున్నాడు. దొరసాని పొడవెంత అని అడిగాడు. మూరన్నర అన్నాను. "తోకతో కలిపా, తోక లేకుండానా?" అన్నాడు. నలభై ఏళ్ళు టేపు మెడలో వేసుకు తిరిగినదాన్ని, ఆ సంగతే ఎప్పుడూ చూసుకోలేదు! నువ్వే కొలిచి రాయి.

నేను ఖాళీగా లేను. పడవల వాళ్ళకి టార్పాలిన్లు కుడుతున్నాను. రాణుల దగ్గర్నుంచి పడవలకి దిగాను, అయినా పడవలే నయం, భుజం బిగువైందని ఏడవవు.

మొన్న కల వచ్చింది. మంచులోంచి దొరసాని నీళ్ళ మీద నడిచి వస్తోంది. తడి గిట్టదు కదా, అడుగడుగునా పాదం విదిలించుకుంటోంది. వెనకాల ఇంకెవరో వస్తున్నారు, చెప్పుల చప్పుడు వినబడుతోంది. ఎవరో చూద్దామని లేచి నిలబడ్డాను, మెలకువ వచ్చేసింది. బాబాయి నన్ను తట్టి, "ఎవరిని పిలుస్తున్నావు?" అన్నాడు. పిల్లిని అని చెప్పాను.

నీ పిన్ని


కళ్ళద్దాల షాపు
ఏప్రిల్ 11

పిన్నికి,

మధ్యాహ్నం బేరాలు లేని వేళ రాస్తున్నాను. ఫిబ్రవరి ఆఖరున దొరసానికి రక్తం తీశారు. రిపోర్టు మంచిగానే వచ్చింది. నకలు పెట్టాను. ఆగస్టు ఆఖరుకి ఆరు నెలలు నిండుతాయి. తోక లేకుండా మూరా జానెడు, తోకతో రెండు మూరలు. తోక కొలవనివ్వడానికి నా చేతి మీద మూడు గీతలు తీసుకుంది.

నీ మంచు నా కల్లోకి కూడా వచ్చింది. షాపు నిండా మంచే. కుర్చీలో కూర్చున్నవాళ్ళు బోర్డు మీది అక్షరాలు చదవలేక, అవి ఏమై ఉంటాయో చెబుతున్నారు. ఒకాయన ఇల్లు అన్నాడు, ఇంకొకావిడ గొడుగు అంది. నేను అందరికీ సరిగ్గా చెప్పారు అని రాసేస్తున్నాను. మెలకువ వచ్చాక కూడా ఎంతసేపో హాయిగా ఉంది.

కిటికీ చెక్క సంగతి బాబాయిని మరీ తొందరపెట్టకు.

బుల్లెమ్మ


రేవు పక్క ఇల్లు
ఆగస్టు 6

బుల్లెమ్మా!

కొంప మునిగింది. కాగితాలు ముందుగా చూపించుకుందామని ఆఫీసుకి పట్టుకెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "టీకా జనవరి ఇరవై నాలుగున, చిప్పు ముప్పై ఒకటిన. చెల్లదండీ" అంది. బతిమాలాను. పిల్లి ముసలిదన్నాను, నేనూ ముసలిదాన్నే అన్నాను. ఆవిడకీ కళ్ళు చెమర్చాయి కానీ ముద్ర మాత్రం వేసింది. టీకా, రక్తం, ఆరు నెలలు, అన్నీ మళ్ళీ మొదటి నుంచి!

దారంతా ఆ డాక్టర్ని తిట్టుకుంటూ వచ్చాను. ఇంటికి వచ్చాక నవ్వొచ్చింది. పావు పాయింటు తేడా ఉందని అద్దాలు తిప్పి పంపే పిల్లవి, షాపువాళ్ళే నీకు భయపడతారు, నీ చేతిలో ముందుది వెనకా, వెనకది ముందూ అయిందంటే నీ మనసు మనసులో లేదన్నమాట. ఎవరు ఆ అబ్బాయి? చెప్పు, నేనేం అనను. ముప్పై నాలుగేళ్ళకి తప్పేం లేదు, నన్ను చూడలేదూ? అలాంటి పొరపాటుకైతే ఆరు నెలలేం ఖర్మ, ఏడాదైనా ఆగుతాను.

చెక్కకి బాబాయి వార్నిషు కూడా పూశాడు. ఉంటుందిలే, ఎక్కడికి పోతుంది.

నీ పిన్ని


మేడ మీది గది
ఆగస్టు 25

పిన్నికి,

అబ్బాయి ఎవరూ లేరు. పొరపాటు నాదే, డాక్టరుది కాదు. ఆయన్ని తిట్టకు.

నిన్న మళ్ళీ టీకా వేయించాను. సెప్టెంబరు ఆఖరున రక్తం. మార్చి ఆఖరుకి పంపగలను.

ఇంతకంటే రాయలేకపోతున్నాను.

బుల్లెమ్మ


మేడ మీది గది
నవంబరు 14

పిన్నికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించేశాను. ఇది పోస్టు చేసి వచ్చేదాకా అన్నం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను, కాబట్టి అందుతుంది.

దొరసానికి చూపు పోయింది.

ఆదివారం గది కడుగుదామని కుట్టుమిషనుని గోడ వైపు జరిపాను. దొరసాని ఎప్పటిలాగే వచ్చి, ఎప్పటిలాగే ఎగిరింది. మిషను ఉండాల్సిన చోట ఏమీ లేదు. నేల మీద పడి, అలాగే కూర్చుండిపోయింది. షాపు నుంచి టార్చి తెచ్చి కళ్ళలోకి వేశాను. వెలుగుకి కంటిపాపలు చిన్నవి కాలేదు. డాక్టరు చూసి రక్తపోటు అన్నాడు, ముసలి పిల్లులకి అలా ఉన్నట్టుండి పోతుందట. ఎన్నాళ్ళయిందంటే నెల దాటి ఉంటుందన్నాడు. నెల రోజులుగా అది కొలతలు గుర్తు పెట్టుకుని తిరుగుతోంది. నేను రోజుకి ఇరవై మంది కళ్ళు చూస్తాను పిన్నీ. నా ఒళ్ళో పడుకునేదాని కళ్ళు చూడలేదు.

ఇది సగమే. రెండో సగం ఇంకా కష్టం.

జనవరిలో జరిగింది పొరపాటు కాదు. డాక్టరు రెండూ బల్ల మీద పెట్టి, "ముందు ఏది చేయమంటారు? బయటి దేశానికి ఏమైనా తీసుకెళ్తున్నారా?" అని అడిగాడు. నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. లేదండీ, టీకా ముందు వేసేయండి, చిప్పు వచ్చే వారం చూద్దాం అన్నాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. ఇంటికి వచ్చి, ఇంకో ఆరు నెలలు ఉంటుంది అనుకుని హాయిగా నిద్రపోయాను. అంత హాయిగా నువ్వు వెళ్ళాక ఎప్పుడూ పడుకోలేదు.

నిన్ను వెళ్ళొద్దనడానికి నాకు నోరు రాలేదు. నీకు ఇన్నేళ్ళకి ఒక తోడు దొరికితే నేనెవర్ని అడ్డుపడ్డానికి? సంతకం పెట్టాను, నవ్వాను, స్టేషనుకి వచ్చాను. ఆ తర్వాత పిల్లి కూడా వెళ్ళిపోతుందనేసరికి మాత్రం తట్టుకోలేకపోయాను. నేను సరిగ్గా చేయించి ఉంటే సెప్టెంబరుకల్లా అది నీ కిటికీలో ఉండేది. ఒక్క నెలైనా సముద్రం చూసేది. ఆ నెల నేను దొంగిలించాను.

ఏం అన్నా పడతాను.

బుల్లెమ్మ


రేవు పక్క ఇల్లు
డిసెంబరు 3

బుల్లెమ్మకి,

ఉత్తరం అందింది. వారం రోజులు జవాబు రాయలేదు, రాస్తే ఏం రాస్తానో అని.

కోపం వచ్చింది. చుట్టాలు నన్ను నానా మాటలు అన్నప్పుడు కూడా ఇంత రాలేదు, వాళ్ళు పరాయివాళ్ళు అనుకున్నాను. ఆగస్టులో నేను ఎవరో అబ్బాయి అని వేళాకోళం ఆడుతుంటే నువ్వు చదువుతూ కూర్చున్నావు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది. బాబాయి చెక్కకి రెండో పూత వేస్తుంటే వద్దని చెప్పలేక బయటికి వెళ్ళిపోయాను.

ఉండిపో పిన్నీ అని నువ్వు ఒక్క మాట అని ఉంటే నేను ఉండిపోయేదాన్ని. ఆ సంగతి నీకు తెలుసు, అందుకే అనలేదు. అదీ నాకు తెలుసు. తెలిసినా కోపం తగ్గడం లేదు, ఏం చేయను?

పిల్లిని పంపించు. చూపు ఉన్నా లేకపోయినా అది నాది. ఈసారి నాకు ఒక్కో కాగితం వచ్చిన రోజే పంపాలి.

పిన్ని


మేడ మీది గది
మార్చి 29

పిన్నికి,

ఎల్లుండి దొరసాని విమానం, సరుకుల విభాగంలో ఒంటరిగా. కాగితాలు తొమ్మిది, వరసగా దారంతో కుట్టాను. ప్రభుత్వ డాక్టరు ప్రయాణానికి పనికొస్తుందని రాశాడు. రక్తపోటుకి రోజూ అర మాత్ర, తిండిలో కలిపితే కనిపెడుతుంది, నాలుక వెనక పెట్టి గొంతు నిమరాలి.

పెట్టెలో అది లేచి నిలబడి చుట్టూ తిరిగేంత చోటు ఉండాలన్నారు. ఉంది. కింద పరచడానికి మెత్తటిది ఏదీ దానికి నచ్చలేదు, చివరికి నేను షాపులో వేసుకునే నీలం కోటు వేశాను. వెంటనే పడుకుంది.

ప్రభుత్వ డాక్టరు ఆఫీసులో దాని మెడ మీద యంత్రం పెడితే పిప్ మని నంబరు వచ్చింది. పదిహేను అంకెలూ గుమాస్తా పైకి చదువుతుంటే దొరసాని చెవి తిప్పి శ్రద్ధగా వింది, తన గురించే అన్నట్టు.

మీ ఇంట్లో కుర్చీలు జరపకండి. గిన్నె ఒకే చోట ఉంచి, పెట్టే ముందు చెంచాతో రెండుసార్లు కొట్టు. దగ్గరికి వెళ్ళేటప్పుడు ముందు మాట్లాడు, తర్వాత చేయి వెయ్యి. ఒక రోజంతా గోడలు తాకుతూ తిరుగుతుంది. ఆ తర్వాత ఇల్లు దాని తలలోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత భయం లేదు.

నన్ను క్షమించమని అడగను. దాన్ని జాగ్రత్తగా చూసుకో.

బుల్లెమ్మ


రేవు పక్క ఇల్లు
ఏప్రిల్ 18

చి. బుల్లెమ్మకి,

దొరసాని ఇంటికి వచ్చింది. పది రోజులూ ఆ క్వారంటైన్ గది అద్దం ఇవతల నిలబడి పిలిచాను. నా గొంతు వైపు చెవి తిప్పేది, మళ్ళీ ఆ నీలం కోటులోకి దూరిపోయేది. పద్నాలుగేళ్ళు నా పాదాల మీద పడుకున్న పిల్లి! అక్కడి అమ్మాయి నా ముఖం చూసి కుర్చీ వేసింది.

నువ్వు రాసినట్టే ఒక రోజంతా గోడలు తాకుతూ తిరిగింది. బాబాయి తన ఇంట్లోనే దొంగలా మునివేళ్ళ మీద నడిచాడు. రెండో రోజు పొద్దున కిటికీ చెక్క ఎక్కి, సముద్రం వైపు ముఖం పెట్టి కూర్చుంది. బయట మంచు, ఏమీ కనబడటం లేదు. నేనూ పక్కన కూర్చున్నాను. ఆ వేళలో ఇక్కడ ఎవరి చూపూ దాని చూపుకంటే ఎక్కువ కాదు. హారన్ ఎటు పోతే దాని చెవులు అటు తిరుగుతున్నాయి. ఉప్పు గాలికి ముక్కు ఎగరేస్తోంది. ఎంత బాగుందో చెప్పలేను. నువ్వు దొంగిలించానన్న నెల గురించి ఇక రాయకు. అది దాని పద్ధతిలో సముద్రం చూస్తూనే ఉంది.

కానీ రాత్రి అది నా పాదాల మీదకి రాలేదు. కోటు మీదే పడుకుంది. కోటు ఉతుకుదామని తీశాను. నీ వాసన వచ్చింది. అద్దాలు తుడిచే మందు, నీ తలనూనె, మన గది. అందులో ముఖం పెట్టుకుని ఏడ్చాను బుల్లెమ్మా. ఎంతసేపు ఏడ్చానో బాబాయినే అడగాలి.

నీ ఉత్తరం చదివి దొంగ అనుకున్నాను కానీ, నేను మాత్రం తిన్నగా ఉన్నానా? పిల్లి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాను, అందరినీ బతిమాలాను. నిన్ను రమ్మని మాత్రం ఒక్క ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. నీకు షాపు ఉంది, నీ గది ఉంది, నీ బతుకు నీకు ఉంది. నేనే వదిలేసి వచ్చి, నువ్వు రా అని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను? పిల్లినైతే అడగొచ్చు కదా. అడిగాను.

బాబాయి తలుపు దగ్గర నిలబడి, "పిల్లి వచ్చింది కదా, ఇంకా ఎవరి కోసం ఏడుస్తున్నావు?" అన్నాడు. తెలిసే అడిగాడు, గడుసువాడు.

నీ కోసం. ఒక్కసారి రా.

నీ పిన్ని


మేడ మీది గది
మే 5

పిన్నికి,

నీ ఉత్తరం షాపులో చదివాను. ఎదురుగా కుర్చీలో కూర్చున్న పెద్దాయన, "ఏమ్మా, నీకే కళ్ళు కనబడుతున్నట్టు లేదే" అన్నాడు. ఆయన పరీక్ష మర్నాటికి వాయిదా వేశాను.

సాయంత్రం వీసా ఆఫీసుకి వెళ్ళాను. మనుషుల్ని తెచ్చుకునే నియమాలు కూడా నాలుగు పేజీలే. ఫొటోలో నవ్వకూడదట. నవ్వొచ్చింది, మూడుసార్లు తీయాల్సి వచ్చింది. యజమానిని సెలవు అడిగాను. పదేళ్ళలో మొదటిసారి అడిగినందుకు ఆయన కంగారుపడి, ఒంట్లో బాగుందా అన్నాడు.

ఫారం అంతా నింపాను. పేరు, వయసు, చేసే పని. ఎవరి దగ్గరికి వెళ్తున్నారు అన్నచోట నీ పేరు రాసి, బంధుత్వం అన్నచోట పిన్ని అని రాశాను. గుమాస్తా చూసి, "కన్నతల్లి కాదా?" అన్నాడు. దగ్గర బంధువులైతే తొందరగా ఇస్తారట. ఇంతకంటే దగ్గర ఎవరూ లేరండీ అన్నాను.

ఒక్క గడి మిగిలిపోయింది. ఎన్ని రోజులు ఉంటారు అని. పది అని రాయబోయి, కలానికి మూత పెట్టేశాను. నా అంతట నేను ఏదో ఒకటి రాసేయడం ఇక నాకు ఇష్టం లేదు. ఫారం ఖాళీ గడితోనే ఇంటికి తెచ్చుకున్నాను.

ఈసారి అడుగుతున్నాను పిన్నీ. ఎన్ని రోజులు ఉండమంటావు?

బుల్లెమ్మ